ఏ డీబఫ్ ఎవరి తెర మీద: విజయనగరం రైడ్ బృందానికి కట్టిన ఫిల్టర్ల కేస్ స్టడీ

ఆన్‌లైన్‌లో జట్టుగా ఆడే ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్. డీబఫ్ అంటే ఆటలో ఒక మనిషి మీద కొంతసేపు ఉండే చెడు ప్రభావం. ఓషియానియా సర్వర్, అలయన్స్ పక్షం, 40 మంది రైడ్ (బాస్‌లనే పెద్ద శత్రువుల్ని అందరూ కలిసి కొట్టే దాడి). అందులో నాలుగో వంతు దాకా విజయనగరం, బొబ్బిలి, రాజాం, ఆమదాలవలసల నుంచి ఆడేవాళ్ళు. మిగతావాళ్ళు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వైపు వాళ్ళు. సిడ్నీలో రాత్రి 8 గంటలంటే మనకు మధ్యాహ్నం 3:30, అక్కడ గడియారం ముందుకు జరిపే అక్టోబరు-ఏప్రిల్ నెలల మధ్య అయితే 2:30. కాబట్టి రైడ్ ఆదివారం మధ్యాహ్నం పూట నడుస్తుంది. పింగ్ (మన నొక్కు సర్వర్‌కి వెళ్ళి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్ల చుట్టూ తిరుగుతుంది. కంప్యూటర్లు ఎక్కువగా 1366×768 తెర ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు. వేసవి మధ్యాహ్నం కరెంటు ఏ నిమిషాన పోతుందో చెప్పలేం. కింద చెప్పిన ఏర్పాట్లలో చాలా వాటికి కారణాలు ఈ మూడే.

ఇబ్బంది ఎక్కడ వచ్చింది

మోల్టెన్ కోర్ అనే రైడ్ చోటులో మొదటి బాస్ లూసిఫ్రాన్ దగ్గరే తేడా బయటపడింది. అతను రెండు డీబఫ్‌లు వేస్తాడు. ఇంపెండింగ్ డూమ్ మ్యాజిక్ రకం. 10 సెకన్లలో తీయకపోతే ఆ మనిషికి 2,000 షాడో డ్యామేజ్ తగులుతుంది. లూసిఫ్రాన్స్ కర్స్ శాపం రకం. 5 నిమిషాల పాటు మంత్రాలకీ దెబ్బలకీ అయ్యే మానా, రేజ్, ఎనర్జీ ఖర్చు రెట్టింపవుతుంది. ఆటలోని పాత్రల తరగతుల్లో మొదటిదాన్ని ప్రీస్ట్, పాలడిన్ తీయగలరు. రెండోదాన్ని మేజ్, డ్రూయిడ్ తీయగలరు.

అందరూ రైడ్ ఫ్రేమ్ యాడాన్ (రైడ్‌లో ఒక్కో మనిషికీ ఒక్కో బాక్సు చూపించే, ఆటకి జోడించుకునే చిన్న ప్రోగ్రాం) వాడుతున్నవాళ్ళే. అయినా అందరి తెరల మీదా ఒకే బొమ్మ: ప్రతి బాక్సు మధ్యలో ఏదో ఒక డీబఫ్ ఐకాన్. శాపం మాత్రమే తీయగల మేజ్‌కి డూమ్ ఐకాన్ కనిపిస్తుంది, కింద ఉన్న శాపం కనిపించదు. ఒక బ్యాండేజ్ కట్టుకున్నవాడి బాక్సులో రీసెంట్లీ బ్యాండేజ్డ్ 60 సెకన్ల పాటు కూర్చుని, అసలు చూడాల్సినదాన్ని మూసేస్తుంది. ప్రీస్ట్ షీల్డ్ వేసిన ప్రతి మనిషి మీదా వీకెన్డ్ సోల్ 15 సెకన్లు ఉంటుంది. చివరిది అన్నిటికంటే ఖరీదైనది: నలుగురు మేజ్‌లు ఒకే మనిషి మీద శాపం తీయడానికి ఒకేసారి నొక్కుతారు, ఒకరిది ఫలిస్తుంది, ముగ్గురి 1.5 సెకన్ల గ్లోబల్ కూల్‌డౌన్ (ఒక మంత్రం వేశాక ఇంకోటి వేయడానికి ఆగాల్సిన సమయం) వృథా. ఈలోగా శాపం ఉన్న హీలర్ (మిగతావాళ్ళ గాయాలు మాన్పేవాడు) మానా కరిగిపోతుంది.

దీనికి బృందంలో మొదట అనుకున్న పరిష్కారం జాబితాలో ఇంకొన్ని డీబఫ్‌లు చేర్చడం. అది రోగాన్ని పెంచుతుంది. తెర మీద కనిపించే ప్రతి ఐకాన్‌కీ ఆ తెర ముందున్న మనిషి చేయగల పని ఒకటి ఉండాలి. చేసే పని లేకపోతే ఆ ఐకాన్ అతనికి అక్కర్లేదు, పక్కవాడికి అది ఎంత ముఖ్యమైనదైనా సరే. ఫిల్టర్లన్నీ ఈ ఒక్క నియమం మీద కట్టాం.

ఇక్కడో మాట. 2006 డిసెంబరులో 2.0.1 ప్యాచ్ రాకముందు డీకర్సివ్ లాంటి యాడాన్‌లు ఎవరికి డీబఫ్ ఉందో తామే వెతికి, తామే ఆ మనిషిని ఎంచి, ఒకే బటన్ మీద తీసేసేవి. ఆ ప్యాచ్‌తో అది ఆగింది. ఎవరి మీద నొక్కాలో నిర్ణయం మనిషిదే అయింది. ఆ నిర్ణయాన్ని తేలిక చేయడం వరకే ఫిల్టర్ పని.

నాలుగు పొరలు

గ్రిడ్2, వూడూ, హీల్‌బాట్ అనే రైడ్ ఫ్రేమ్ యాడాన్‌లు వాడేవాళ్ళు స్పెల్ ఐడీ (ఆటలో ఒక్కో మంత్రానికీ ఉండే సంఖ్య) జాబితాలు, ప్రాధాన్య క్రమం, రకాన్ని బట్టి రంగు వాటిలోనే పెట్టుకోవచ్చు. ఈ బృందానికి గ్రూపుల వారీ పంపకం, ఆలస్యంగా చూపించడం కూడా కావలసి వచ్చింది కాబట్టి రైడ్ ఫ్రేమ్‌ల మీద కూర్చునే చిన్న యాడాన్ లూవా భాషలో విడిగా రాయాల్సి వచ్చింది. ప్రతి డీబఫ్ ఈ వరుసలో పొరలు దాటుతుంది.

మొదటిది బాస్ జాబితా. ఇది స్పెల్ ఐడీల పట్టిక, ఇన్‌స్టెన్స్ ఐడీని (ఒక్కో రైడ్ చోటుకీ ఉండే సంఖ్యని) బట్టి విడిగా లోడ్ అవుతుంది: మోల్టెన్ కోర్ 409, బ్లాక్‌వింగ్ లెయిర్ 469, నాక్స్‌రమాస్ 533. ప్రతి వరుసలో ఐదు గడులు: ఐడీ, ప్రాధాన్యం, ఎవరికి చూపాలి, ఎన్ని సెకన్ల తర్వాత ఇతరులకు చూపాలి, తీయొచ్చా తీయకూడదా. రెండోది దాచే జాబితా. మూడోది ఆ మనిషికి అప్పగించిన రకాలు. నాలుగోది మిగిలినవన్నీ, వాటిని అసలు చూపించం.

బాస్ జాబితా దాచే జాబితా కంటే, రకాల పొర కంటే ముందు ఉండాలి. కారణం నాక్స్‌రమాస్ బాస్ గ్రాబ్యులస్. అతను వేసే మ్యూటేటింగ్ ఇంజెక్షన్ జబ్బు రకం. 10 సెకన్ల గడువు తీరినా, ఎవరైనా తీసేసినా, ఆ మనిషి నిలబడ్డ చోటే విషపు మేఘం పుడుతుంది. రకాల పొర ముందుంటే పాలడిన్‌కి "జబ్బు ఉంది, తీసెయ్" అని ఐకాన్ వెలుగుతుంది, అతను వెంటనే తీస్తాడు, మేఘం రైడ్ మధ్యలో పడుతుంది. బాస్ జాబితాలో దీనికి "తీయకూడదు" గుర్తు పెడితే పాలడిన్ బాక్సులో అడ్డగీత ఉన్న ఐకాన్ వస్తుంది. బాధితుడు అంచుకి చేరాక అతను పిలిస్తేనే తీయాలి.

పేరుతో కాకుండా ఐడీతోనే పోల్చాలి. లివింగ్ బాంబ్ అనే పేరు మోల్టెన్ కోర్ బాస్ బారన్ గెడ్డన్ డీబఫ్‌కీ (20475) ఉంది, తర్వాతి విస్తరణల్లో మేజ్ మంత్రానికీ ఉంది. ఇంగ్లీషు కాని క్లయింట్ వాడేవాడి దగ్గర పేరు మారిపోతుంది. ఐడీతో వచ్చే చిక్కు ఒకటే: కింది స్థాయి రాక్షసుల మంత్రాలకు ఒక్కో ర్యాంకుకు ఒక్కో ఐడీ ఉంటుంది. ఒకటి చేర్చి మిగతావి మరచిపోతే సగం సార్లే కనిపిస్తుంది.

దాచే జాబితాలో ఉన్నవి కొన్నే: రీసెంట్లీ బ్యాండేజ్డ్ 11196, ఫర్‌బేరెన్స్ 25771, రిసరెక్షన్ సిక్‌నెస్ 15007, డెజర్టర్ 26013. వీకెన్డ్ సోల్ 6788 మాత్రం ప్రీస్ట్‌లకు మినహాయింపు. షీల్డ్ ఇప్పుడే వేయొచ్చా లేదా అన్నది వాళ్ళకు దాన్ని చూస్తేనే తెలుస్తుంది. వాళ్ళకు బాక్సు మూలన చిన్న చుక్కగా, మిగతావాళ్ళకు ఏమీ లేకుండా పెట్టాం.

మూడో పొరలో "నేను తీయగలిగేవన్నీ" అని పెట్టాలన్న కోరిక బలంగా ఉంటుంది. ఆట ఇచ్చే ఫిల్టర్ మాటల్లో హార్మ్‌ఫుల్‌కి రైడ్ జత చేస్తే అదే వస్తుంది. క్లాసిక్‌లో పాలడిన్‌కి అది పనికిరాదు. క్లెన్స్ అనే మంత్రంతో అతను మ్యాజిక్, విషం, జబ్బు మూడూ తీయగలడు. అన్నీ చూపిస్తే హీలింగ్ వదిలి తీస్తూనే ఉంటాడు. ఈ బృందంలో పాలడిన్‌లకు విషం, జబ్బు అప్పగించాం. మ్యాజిక్ ప్రీస్ట్‌లది, పాలడిన్‌కి అది కాస్త ఆలస్యంగా మాత్రమే వెలుగుతుంది.

ఎన్ని సెకన్ల తర్వాత ఇంకొకరికి

ఫిల్టర్ల ప్రాణం ఇక్కడే ఉంది.

40 మంది 8 గ్రూపులు. నలుగురు మేజ్‌లకు తలా రెండు గ్రూపులు. డ్రూయిడ్‌లకు ట్యాంకులు (బాస్ దెబ్బలు తామే కాచుకునేవాళ్ళు). తన గ్రూపుల్లో శాపం పడిన వెంటనే మేజ్‌కి కనిపిస్తుంది. ఇతరుల గ్రూపుల్లో పడితే కొంత ఆగి, ఇంకా పోకపోతేనే కనిపిస్తుంది. ఆ "కొంత" ఎంత?

మొదట అన్నిటికీ 3 సెకన్లు పెట్టి చూశాం. ఒకరిద్దరి మీద పడే డీబఫ్‌కి అది సరిగ్గా సరిపోతుంది. గ్లోబల్ కూల్‌డౌన్ 1.5 సెకన్లు కాబట్టి 3 సెకన్లలో బాధ్యుడికి రెండు అవకాశాలు దొరికినట్టు. అతను చనిపోయి ఉన్నా, కరెంటు పోయి బయటపడినా, ఇంకొకరు అందుకుంటారు. డూమ్ విషయంలో ఇంకా 7 సెకన్లు మిగులుతుంది, పింగ్ తీసేసినా సరిపోతుంది.

లూసిఫ్రాన్ శాపానికి అదే 3 సెకన్లు పాత గందరగోళాన్నే తెచ్చిపెట్టింది. శాపం దాదాపు రైడ్ అంతటి మీదా ఒకేసారి పడుతుంది. ఒక మేజ్ దగ్గర రెండు గ్రూపులు, అంటే 10 మంది. ఒక్కొక్కరికీ 1.5 సెకన్ల చొప్పున అతని వంతు పూర్తవడానికే 15 సెకన్లు పడుతుంది. 3 సెకన్లకే మిగతా ముప్ఫై మంది కూడా అందరికీ వెలిగితే మళ్ళీ నలుగురూ ఒకరి మీదే నొక్కుతారు. అందుకే ఆలస్యం డీబఫ్‌కి ఒక్కోలా ఉండాలి. లెక్క ఇది: ఒక మనిషి వంతుకు గరిష్ఠంగా ఎంతమంది వస్తారో ఆ సంఖ్యని 1.5తో గుణించి, పైన ఒక సెకను కలపాలి. లూసిఫ్రాన్ శాపానికి 16 సెకన్లు వచ్చింది. మేజ్‌లు ముగ్గురే వచ్చిన రోజు ఇద్దరికి మూడేసి గ్రూపులు పడతాయి. అప్పుడు 15 మంది, 22.5 సెకన్లు, పైన ఒకటి కలిపితే 23.5.

తన వంతులోని పది మందిలోనూ వరుస ఉండాలి. అది బాస్‌ని బట్టి మారుతుంది. లూసిఫ్రాన్ దగ్గర హీలర్లు ముందు, తర్వాత మెయిన్ ట్యాంక్, తర్వాత మంత్రాలు వేసేవాళ్ళు. గెహెన్నాస్ శాపం అందే హీలింగ్‌ని 75 శాతం తగ్గిస్తుంది, అక్కడ ట్యాంక్ అందరికంటే ముందు. షాజ్రా శాపంతో తగిలే మ్యాజిక్ దెబ్బ రెట్టింపవుతుంది. అతని ఆర్కేన్ ఎక్స్‌ప్లోజన్ దగ్గరున్నవాళ్ళనే కొడుతుంది కాబట్టి కత్తి పట్టినవాళ్ళు ముందు. ట్యాంక్ ఎవరన్నది పేరు రాసి పెట్టకూడదు. రైడ్ లీడర్ మెయిన్ ట్యాంక్‌గా పెట్టిన గుర్తుని చదవాలి.

ఈ ఆలస్యం రాసేటప్పుడు దాదాపు ప్రతి ఒక్కరూ పడే గొయ్యి ఒకటుంది. యాడాన్ యూనిట్ ఆరా ఈవెంట్ (ఎవరి మీదైనా ఆరా, అంటే మంచి లేదా చెడు ప్రభావం, మారిందని ఆట పంపే కబురు) వచ్చినప్పుడే లెక్క చూస్తుంది. కాలం గడవడం ఈవెంట్ కాదు. డీబఫ్ పడ్డాక 3 సెకన్లు దాటినా ఏ కొత్త ఆరా రాకపోతే షరతు మళ్ళీ ఎవరూ పరీక్షించరు, ఐకాన్ రాదు. రద్దీ యుద్ధంలో ఈవెంట్లు ఎలాగూ వస్తూనే ఉంటాయి కాబట్టి పనిచేస్తున్నట్టే ఉంటుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడే చెడుతుంది, అందుకే పట్టుకోవడం కష్టం. మందు: ఆలస్యంలో ఉన్నవాటిని ఒక పట్టికలో వేసి, 0.25 సెకన్లకోసారి నడిచే టైమర్‌తో చూడటం. పట్టిక ఖాళీ అయితే టైమర్ ఆగిపోవాలి. ప్రతి ఫ్రేమ్‌కీ నడిపితే పాత ల్యాప్‌టాప్‌లో ఆట నత్తనడక నడుస్తుంది.

ఎంతసేపైందన్నది ఆట ఇచ్చే గడువు నుంచి లెక్కిస్తే ఇంకో చిక్కు: కొన్ని ఆరాలకు గడువు సున్నాగా వస్తుంది. మొదటిసారి కనిపించిన క్షణాన్ని యాడాన్ తానే రాసుకోవడం నమ్మకమైన పద్ధతి. ఆ రాతకు తాళం చెవి మనిషి జీయూఐడీ (ఆట ఒక్కో పాత్రకీ ఇచ్చే మారని గుర్తింపు), డీబఫ్ ఐడీ రెండూ కలిపి ఉండాలి. రైడ్5 లాంటి స్థానం సంఖ్యని తాళంగా వాడితే, మధ్యలో ఎవరైనా రైడ్ వదిలినప్పుడు సంఖ్యలు జరిగి ఒకరి శాపం ఇంకొకరి లెక్కలో పడుతుంది.

ఒకే మనిషికి ఒకే మార్పు రైడ్5, పార్టీ2, టార్గెట్ అని మూడు పేర్లతో మూడు ఈవెంట్లుగా కూడా వస్తుంది. రైడ్ పేరుతో వచ్చినవే తీసుకుని మిగతావి వదిలేయాలి.

క్రొమాగస్: లెక్కపెట్టే ఫిల్టర్

బ్లాక్‌వింగ్ లెయిర్‌లో క్రొమాగస్ ఐదు రంగుల బ్రూడ్ అఫ్లిక్షన్ వేస్తాడు. నీలం 23153 మ్యాజిక్, నలుపు 23154 శాపం, ఎరుపు 23155 జబ్బు, ఆకుపచ్చ 23169 విషం, కంచు 23170. కంచుని ఏ తరగతీ తీయలేదు, అవర్‌గ్లాస్ శాండ్ అనే వస్తువుని బాధితుడే వాడుకోవాలి. ఐదూ ఒకే మనిషి మీద చేరితే అతను డ్రాగన్ జాతిగా మారి మనమీదే పడతాడు.

ఇక్కడ విడివిడి ఐకాన్‌లు చాలవు. ఒక మనిషి మీద ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టే వరుస చేర్చాం. 1 లేదా 2 ఉంటే మామూలు ప్రాధాన్యం. 3 అయితే బాక్సు అంచు మందమవుతుంది. 4 అయితే గ్రూపు పంపకం, ఆలస్యం రెండూ రద్దు, తీయగలిగిన ప్రతివాడికీ కనిపిస్తుంది. కంచు మాత్రం బాధితుడి తెర మీదే వస్తుంది. వేరేవాళ్ళు దాన్ని చూసి చేసేదేమీ లేదు, లెక్కలో మాత్రం కలుస్తుంది.

చూపే తీరు, వినిపించే తీరు

ఆట మామూలు రంగులు మ్యాజిక్‌కి నీలం, శాపానికి ఊదా, జబ్బుకి గోధుమ, విషానికి ఆకుపచ్చ, రకం లేనివాటికి ఎరుపు. చిన్న తెర మీద 40 బాక్సులు పేర్చితే గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు మధ్య తేడా కొందరికి అసలు తెలియదు. అందుకే రంగుతో పాటు చోటు కూడా పెట్టాం: మ్యాజిక్ ఎడమ పై మూల, శాపం కుడి పై మూల, జబ్బు ఎడమ కింద, విషం కుడి కింద. బాస్ జాబితాలోది ఒక్కటే నడుమ.

శాపం ఉన్నవాళ్ళ బాక్సులు పైకి జరిగితే బాగుండునని మేజ్‌లు అడిగారు. అది కుదరదు. క్లిక్ చేస్తే మంత్రం పడే బాక్సులు రక్షిత ఫ్రేమ్‌లు. యుద్ధం మొదలయ్యాక యాడాన్ వాటిని జరపలేదు, దాచలేదు. వాటి మీది ఐకాన్, రంగు, అంచు మార్చగలదు.

తెలుగులో రాత చూపించే ప్రయత్నం వదిలేయాల్సి వచ్చింది. ఆట మామూలు ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు, డబ్బాలు కనిపిస్తాయి. గొంతుకి ఆ అడ్డు లేదు. బాధితుడు తానే కదలాల్సిన డీబఫ్‌లకు మాత్రం, అతనికే వినిపించేలా, చిన్న ఆడియోలు రికార్డు చేసి పెట్టాం. లివింగ్ బాంబ్‌కి "బేగి బయటికి!". ఇంజెక్షన్‌కి "అంచుకెళ్ళు!". కంచుకి "ఇసక వాడు!". డిస్కార్డ్‌లో ఆస్ట్రేలియా వాళ్ళ ఇంగ్లీషు మాటల హోరు మధ్య ఇంటి యాసలో వచ్చిన "బేగి" ఒక్కటీ చెవికి విడిగా తగులుతుంది. ఆడియో ఒక సెకను దాటకూడదు. ఓజీజీ ఫార్మాట్‌లో యాడాన్ ఫోల్డర్‌లోనే ఉండాలి. మాస్టర్ ఛానల్‌లో వాయించాలి, లేకపోతే సౌండ్ ఎఫెక్ట్స్ ఆపేసుకున్నవాడికి వినపడదు. కొత్త ఆడియో ఫైల్ వేశాక రీలోడ్ కమాండ్ చాలదు, ఆట మూసి మళ్ళీ తెరవాలి. ఇది తెలియక "సౌండ్ రావట్లేదు" అన్నవాళ్ళే ఎక్కువ.

తీయగలిగేవాళ్ళకు సౌండ్ పెట్టలేదు. రెండు నిమిషాల్లో యాభై సార్లు మోగేదాన్ని ఎవరూ వినరు.

రైడ్‌కి ముందు పరీక్ష

బాస్ దగ్గరికి వెళ్ళి పరీక్షించడం 40 మంది సమయాన్ని తినడం. ఐదుగురు చాలు. పార్టీని రైడ్‌గా మార్చాలి, లేకపోతే రైడ్ పేరుతో యూనిట్లు ఉండవు. ఇద్దరిని రెండో గ్రూపులోకి జరపాలి. వీకెన్డ్ సోల్ 6788ని తాత్కాలికంగా బాస్ జాబితాలో 3 సెకన్ల ఆలస్యంతో వేసి, పరీక్షించే మనిషికి ఒకటో గ్రూపు అప్పగించాలి. ప్రీస్ట్ ఒకరి తర్వాత ఒకరికి షీల్డ్ వేస్తాడు. ఎవరి మీద షీల్డ్ పడిన క్షణం నుంచి వాళ్ళకు లెక్కిస్తే, ఒకటో గ్రూపు బాక్సులు వెంటనే, రెండో గ్రూపువి 3 సెకన్లకు వెలిగి, 15 సెకన్లకు ఆరిపోవాలి. రెండో గ్రూపులో ఒకరికి షీల్డ్ వేసి అందరూ కదలకుండా నిలబడితే పైన చెప్పిన టైమర్ లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది. పరీక్ష అయ్యాక ఆ వరుస తీసేయడం మరచిపోతే ఆదివారం రైడ్ అంతా వీకెన్డ్ సోల్ వెలుగుతూనే ఉంటుంది.

సెట్టింగులు మార్చిన వెంటనే రీలోడ్ చేయాలి. సేవ్డ్ వేరియబుల్స్ ఫైల్ డిస్క్ మీదకి రాసేది లాగౌట్ అయినప్పుడో, రీలోడ్ చేసినప్పుడో మాత్రమే. గంట కూర్చుని జాబితా సరిచేసి, రీలోడ్ చేయకుండా ఉండగా కరెంటు పోతే ఆ గంట పోయినట్టే. డబ్ల్యూటీఎఫ్ ఫోల్డర్‌లోని ఆ ఫైల్ కాపీ ఒకటి ఫోన్‌లో ఉంచుకోమని అందరికీ చెప్పాం.

కరెంటు పోయి తిరిగి వచ్చినవాడికి మొదటిసారి చూసిన క్షణాల పట్టిక ఖాళీగా ఉంటుంది. లాగిన్ కాగానే యాడాన్ అందరినీ ఒకసారి చదివి, అప్పటికే ఉన్నవన్నీ ఇప్పుడే పడ్డట్టు లెక్కిస్తుంది. అంటే ఇతర గ్రూపులవి అతనికి కాస్త ఆలస్యంగా వస్తాయి. తన వంతు వెంటనే కనిపిస్తుంది కాబట్టి అలాగే వదిలేశాం.

మిగిలిన లోపాలు

ఆలస్యం దాటాక ఇతరులకు వెలిగినప్పుడు ఇద్దరు ఒకేసారి నొక్కడం ఇంకా జరుగుతుంది. "నేను తీస్తున్నా" అని యాడాన్‌లు ఒకదానికొకటి సందేశం పంపుకునేలా చేయొచ్చు. కానీ తీయడం క్షణంలో అయిపోయే మంత్రం, సందేశం సర్వర్‌కి వెళ్ళి పక్కవాడిని చేరేసరికి అతను కూడా నొక్కేసి ఉంటాడు. మేజ్‌లకు ఆలస్యాన్ని అర సెకను తేడాతో పెట్టడం (3, 3.5, 4, 4.5) దానికంటే తేలికైన మందు. బాధ్యుడు తీయలేకపోయినప్పుడు మిగిలిన ముగ్గురిలో ఒకరే ముందు చూస్తారు.

ఈ కేసు క్లాసిక్‌కే వర్తిస్తుంది. ఆధునిక ఆటలో హీలర్ డిస్పెల్‌కి 8 సెకన్ల కూల్‌డౌన్ ఉంది, వంతుల లెక్క మొత్తం మారిపోతుంది. పైగా మిడ్‌నైట్ విస్తరణతో యుద్ధ సమయంలో యాడాన్‌లకు అందే సమాచారాన్ని కుదిస్తామని బ్లిజార్డ్ 2025లోనే ప్రకటించింది. అక్కడ ఇలాంటి యాడాన్ రాయాలనుకునేవాళ్ళు ముందు ఆ హద్దులు చదువుకోవాలి.

దసరా తర్వాత పైడితల్లి అమ్మవారి జాతర (తొలేళ్లు, సిరిమాను) వారంలో విజయనగరం వాళ్ళు సగం మంది రారు, చుట్టాలతో ఇళ్ళు నిండి ఉంటాయి. ఆ ఆదివారం బదులు వచ్చే మేజ్‌లకు ఈ యాడాన్ ఉండకపోవచ్చు. పంపకం పేర్ల మీద కాకుండా గ్రూపు సంఖ్యల మీద ఉంది కాబట్టి రైడ్ లీడర్ చేయాల్సింది రెండు పనులు. ఉన్న మేజ్‌లకు కొత్త గ్రూపు సంఖ్యలు ఇచ్చి రీలోడ్ చేయించాలి. యాడాన్ లేని మేజ్‌కి గ్రూపులు ఇవ్వకుండా, ట్యాంకులు చూసే డ్రూయిడ్ పక్కన తోడుగా పెట్టాలి. వంతుకు వచ్చే మనుషుల సంఖ్య మారితే లూసిఫ్రాన్ శాపం ఆలస్యాన్ని పైన చెప్పిన లెక్కతో మళ్ళీ వేసుకోవాలి.